ఒక చదువు – రెండు విశ్వవిద్యాలయములు

నిజామాబాదునుండి బోధనుకు పోవు త్రోవలో శక్కర్‌నగరు సమీపించునప్పటికి ఒకనాడు బాటసారికి చెరకు పాకపు వాసన దూరమునుండియే తగులుచుండెను. 1937లో స్థాపింపబడిన నిజాం చక్కెర కర్మాగారము ఒక కాలమున ఆసియాఖండములోనే మిక్కిలి పెద్దదని పేరు వడసినది. 2015 డిసెంబరులో అది మూతపడినది. ఆ వాసనయు పోయినది. ఆ త్రోవకు ఇరుప్రక్కల నున్న ఇండ్లలో నేడు వినవచ్చు మాట వేరు. బిడ్డ ఇంజనీరింగు ముగించినది, పిమ్మట ఏమి? ఇక్కడ కొంత, పరదేశమున కొంత చదివినచో రెండు విశ్వవిద్యాలయముల పట్టములు వచ్చునట, నిజమేనా? ఈ ప్రశ్న మమ్ము అడిగినవారు ఒకరిద్దరు కారు. అడుగువారిలో పెక్కురు తాము కళాశాల గడప త్రొక్కనివారే. అయినను పొలము తాకట్టు పెట్టవలసినది వారే గనుక, వారికి తెలియునట్లు ఈ విషయమును విప్పి చెప్పుట మంచిదని తోచినది.

పరదేశపు ఇంజనీరింగు విద్య ఈ నేలకు క్రొత్త చుట్టము కాదు. బోధను ప్రాంతపు చెరకుతోటలకు నీరిచ్చిన నిజాంసాగరమును తలచుకొందము. మంజీరానదిపై అచ్చంపేట, బంజెపల్లి గ్రామముల నడుమ 1923లో ఆరంభమై 1931లో ముగిసిన ఆ నిర్మాణమునకు సూత్రధారి నవాబు అలీ నవాజ్ జంగు. ఆయన 1877లో జనించినవాడు. ఇంగ్లండులోని కూపర్స్ హిల్ ఇంజనీరింగు కళాశాలలో చదివి, హైదరాబాదు సంస్థానపు కొలువులో చేరినవాడు. తెలంగాణ రాష్ట్రము ఆయన పుట్టినదినమగు జూలై 11ను ఇంజనీర్ల దినముగా జరుపుకొనుచున్నది. 2,75,000 ఎకరములకు నీరందింపవలెనని తలపెట్టిన ఆ జలాశయము వచ్చిన తరువాతనే కృష్ణాతీరపు రైతులు ఇటు తరలివచ్చి వర్ని, కోటగిరి ప్రాంతములలో క్యాంపులు కట్టుకొనిరి, చెరకు పెరిగినది, కర్మాగారము లేచినది.

ఆనాటి పద్ధతి ఒక్కటియే. ఒక మనుష్యుడు ఓడయెక్కి పోయి, అక్కడి చదువంతయు అక్కడనే చదివి, అక్కడి పట్టము పుచ్చుకొని తిరిగి వచ్చుచుండెను. ఇచ్చటి విద్యాలయమునకు ఆ చదువుతో సంబంధము లేదు. కూపర్స్ హిల్ ఆచార్యునకు మంజీరానది ఎట్లుండునో తెలియదు. తెలిసికొనవలసిన అవసరమును లేదు. నది సంగతి ఇంటికి వచ్చిన పిమ్మట విద్యార్థియే నేర్చుకొనవలసి యుండెను. అలీ నవాజ్ జంగు నేర్చుకొనగలిగెను. అందరును నేర్చుకొనగలిగిరని చెప్పలేము.

స్వాతంత్ర్యము వచ్చిన తరువాత మరియొక పద్ధతి వచ్చెను. మనిషి పోవుటకు మారుగా విద్యాలయమే కదలి వచ్చుట. మద్రాసు ఐ.ఐ.టి. 1959లో పశ్చిమ జర్మనీ తోడ్పాటుతో ఆరంభమాయెను. జర్మను ఆచార్యులు మద్రాసు వచ్చి ప్రయోగశాలలు నెలకొల్పిరి, మన అధ్యాపకులు జర్మనీ పోయి శిక్షణ పొందిరి. బొంబాయికి సోవియట్ దేశము, ఢిల్లీకి బ్రిటను తోడైనవి. కాన్పూరునకు మాత్రము ఒక్క విశ్వవిద్యాలయము కాదు, తొమ్మిది అమెరికను విద్యాసంస్థలు కూటమిగా ఏర్పడి 1962 మొదలు 1972 వరకు పది సంవత్సరములు తోడ్పడినవి. మసాచుసెట్స్, ప్రిన్స్‌టను, పర్డ్యూ, బర్క్‌లీ వంటి పేర్లు ఆ తొమ్మిదింటిలోనివి. 1963లో ఒక ఐ.బి.ఎం. 1620 గణనయంత్రము కాన్పూరునకు రాగా, దానిచుట్టు చేరి నేర్చుకొన్న పిల్లలే పిదప దేశమందంతట ఆ విద్యను వ్యాపింపజేసిరి. ఆ 1959వ సంవత్సరము అక్టోబరు 10వ తేదీననే జవహర్‌లాల్ నెహ్రూ వరంగల్లున ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలకు శంకుస్థాపన చేసెను. నిజామాబాదు పిల్లలకు అది చేరువైన పెద్ద విద్యాలయమాయెను. అయితే ఈ ఏర్పాటులన్నిటిలోను పట్టము మాత్రము ఇచ్చటిదే. పరదేశపువారు వచ్చిరి, నేర్పిరి, వెడలిపోయిరి.

ఈ రెండింటికిని నడుమనుండు మూడవ పద్ధతి మొదట రూపుదాల్చిన చోట్లలో ఒకటి బ్యాంకాకు. అదియు 1959లోనే. అక్కడి చులాలంకార్న్ విశ్వవిద్యాలయపు ఆవరణలో, అమెరికాలోని కొలరాడో రాష్ట్ర విశ్వవిద్యాలయము తోడ్పాటుతో, సీటో కూటమి ఒక స్నాతకోత్తర ఇంజనీరింగు విద్యాలయమును తెరచినది. మొదట చెప్పిన పాఠము జలశాస్త్రము, అనగా నదులు, కాలువలు, ఆనకట్టల విద్య. పలు దేశముల ఇంజనీర్లు ఒకే తరగతిలో కూర్చుండిరి. 1967లో అది సీటోనుండి విడివడి ఆసియా సాంకేతిక విద్యాసంస్థ అను స్వతంత్ర విద్యాలయమాయెను. మన దేశమున రూర్కీలో అంతకు ముందే, 1955లో, ఆసియా ఆఫ్రికా దేశముల ఇంజనీర్లకొరకు జలవనరుల శిక్షణకేంద్రము నెలకొన్నది. నీటి సమస్యకు దేశముల గట్లు అడ్డు రావని ఈ రెండు విద్యాలయములను స్థాపించినవారు గ్రహించి యుండిరి.

ఇక నేటి సంగతి. బి.టెక్. నాలుగు సంవత్సరముల చదువు; దానిపై ఎం.టెక్. రెండు సంవత్సరములు. పరదేశములలో ఎం.ఎస్. అనెడిదియు రమారమి ఇదియే. మొదటి చదువున విద్యార్థి తెలిసిన లెక్కను తెలిసిన దారిలో చేయును. రెండవదానిలో, ముఖ్యముగ చివరి ఆరు నెలలు లేక సంవత్సరము, జవాబు ఎవరికిని తెలియని ఒక ప్రశ్న తీసికొని, తానే దారి వెదకి, సిద్ధాంత వ్యాసము వ్రాయవలెను. పరదేశపు విశ్వవిద్యాలయముతో భాగస్వామ్యము నిజముగా అక్కరకు వచ్చునది ఈ రెండవ అంతస్తులోనే యని మా అభిప్రాయము. పుస్తకములోని పాఠమునకు సముద్రములు దాటనక్కరలేదు. మంచి ప్రయోగశాలకును, మంచి మార్గదర్శికిని దాటవలసి రావచ్చును.

ఇట్టి చదువులకు విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘము, అనగా యు.జి.సి., 2022 మే నెలలో నిబంధనలు ప్రకటించినది. అందులో మూడు విధములు చెప్పబడినవి. ఈ మూడింటి భేదము తెలియకనే మన ఇండ్లలో సగము గందరగోళము పుట్టుచున్నది గనుక కొంచెము నిదానింతము.

మొదటిది జంట చదువు, ట్వినింగు అందురు. విద్యార్థి ఇచ్చటి విశ్వవిద్యాలయమున చేరి, చదువులో నూటికి ముప్పది పాళ్లకు మించకుండ పరదేశమున చదివి వచ్చును. పట్టము ఇచ్చటి విశ్వవిద్యాలయము ఒక్కటియే ఇచ్చును. రెండవది ఉమ్మడి పట్టము. పాఠప్రణాళికను ఇరువురును కలసి రచింతురు. ప్రతివారి యొద్దను నూటికి కనీసము ముప్పది పాళ్లు చదువవలెను. చివరకు రెండు ముద్రలతో ఒకే యోగ్యతాపత్రము వచ్చును. మూడవది ద్వంద్వ పట్టము. ఇందు కనీసము ముప్పది పాళ్లు ఇచ్చట చదువవలెను. ఒకే విషయమున, ఒకే అంతస్తున, రెండు విశ్వవిద్యాలయములును వేర్వేరుగ రెండు పట్టములు ఇచ్చును. ఈ నిబంధనల ప్రకారము వచ్చిన పట్టమునకు మరల ఎవరి యొద్దకును పోయి ఇది మన పట్టముతో సమానమే యని వ్రాయించుకొననక్కరలేదు. ఇది చిన్న సదుపాయము కాదు. పరదేశపు పట్టము పట్టుకొని సమానతాపత్రమునకై నెలల తరబడి తిరిగినవారిని మేము చూచియున్నాము.

పాళ్లు అంటిమి, వీనిని క్రెడిట్లు అందురు. చెరకు రైతునకు ఇది వివరించుట సులువు. బండి కర్మాగారపు కాటామీద నిలిచినప్పుడు తూకపు చీటి యిత్తురు గదా. క్రెడిటు అట్టి చీటియే. ఇంత చదువు తూచి పుచ్చుకొంటిమి అని విద్యాలయము వ్రాసి యిచ్చునది. భాగస్వామ్యము అనగా ఒక కర్మాగారము తూచిన చీటిని మరియొక కర్మాగారము మరల తూచకుండ అంగీకరించుట. చిక్కు ఎక్కడ నున్నదనగా, ఇరువురి తూకపు రాళ్లు ఒకటి కావు. స్వీడను దేశమున ఒక సంవత్సరపు చదువునకు 60 క్రెడిట్లు. రెండు సంవత్సరముల ఎం.ఎస్. 120 క్రెడిట్లు. మన అఖిలభారత సాంకేతిక విద్యామండలి నమూనా ప్రణాళికలో రెండు సంవత్సరముల ఎం.టెక్.నకు 68 క్రెడిట్లు మాత్రమే. అంతమాత్రమున స్వీడను చదువు రెండింతలని కాదు. వారు తరగతిలో కూర్చున్న గంటలను, గదిలో చదివిన గంటలను, ప్రయోగశాలలో గడపిన గంటలను అన్నిటిని కలిపి లెక్కింతురు. ఒక క్రెడిటునకు రమారమి ఇరువదియేడు గంటల శ్రమ పడును. మనవారు వారమునకు ఒక గంట చొప్పున తరగతిలో జరిగిన బోధనను లెక్కింతురు. ఒకరిది శేరు, ఒకరిది కిలో. కావున ఏ పాఠమునకు ఏ పాఠము బదులుగా చెల్లునో ముందుగనే పట్టిక వ్రాసి ఇరువురును సంతకము చేయవలెను. ఆ పట్టికయే భాగస్వామ్యమునకు ప్రాణము. తక్కిన కరచాలనములు, ఛాయాచిత్రములు పత్రికలకొరకు.

మన రాష్ట్రమున ఇట్టివి జరిగినవా యనిన జరిగినవి. 1972 అక్టోబరు 2న ఏర్పడి, 2008లో నాలుగుగా విభజింపబడిన జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయమును మనవారు జె.ఎన్.టి.యు. అని పిలుతురు. హైదరాబాదు కూకట్‌పల్లిలోని ఆ విశ్వవిద్యాలయమును, స్వీడనులోని బ్లెకింగె సాంకేతిక విద్యాసంస్థయు కలసి రెండు పట్టముల చదువును నడపినవి. విద్యార్థి మొదటి సంవత్సరములు కూకట్‌పల్లిలో చదువును. పిదప స్వీడను పోయి అక్కడి పాఠములును సిద్ధాంత వ్యాసమును ముగించును. అక్కడి బోధన ఆంగ్లమున సాగును గనుక స్వీడిషు రానివారికిని చదువు నడచును. అంగడిలోను అద్దె ఇంటిలోను మాత్రము ఆ భాష నాలుగు మాటలు రాకున్న ఇబ్బందియే.

ఆ సంస్థ యున్న కార్ల్స్‌క్రోనా, 1680లో నౌకాదళముకొరకు దీవులమీద కట్టిన చిన్న పట్టణము. 1998లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వపు జాబితాలో చేర్చినది. డిసెంబరులో అచ్చట పగలు ఏడు గంటలే. మధ్యాహ్నము మూడున్నరకే ప్రొద్దు గ్రుంకును. బోధను ఎండలో పెరిగిన పిల్లవానికి మొదటి చలికాలమున దిగులు కలుగుట సహజము. బోధనపద్ధతియు వేరు. మన యొద్ద ఆరేడు పాఠములు ఒక్కసారిగా సాగి ఆరు నెలలకు పరీక్ష వచ్చును. అచ్చట సాధారణముగా రెండు పాఠములను తీసికొని, పది వారములలో వానిని ముగించి, మరల రెండింటిని ఎత్తుకొందురు. పరీక్షకు ముందు పది రాత్రులు మేలుకొని గట్టెక్కుట మరగిన పిల్లలకు ఈ పద్ధతిలో మొదటి నెలలోనే కష్టము తెలియును. ఒప్పగించిన పనిని తానే చేసి, తన మాటలలో వ్రాయవలెను; పరుల వ్యాసమునుండి నాలుగు పంక్తులు ఎత్తి వ్రాసినను అది తప్పుగా పరిగణింపబడి విచారణకు వచ్చును. ఈ ఒక్క సంగతి ముందుగ ఎవరును చెప్పకపోవుటచే చిక్కులలో పడినవారు కలరు.

మరియొకటి. 2011 వరకు స్వీడనులో పరదేశపు విద్యార్థులు సయితము రుసుము చెల్లింపనక్కరలేదు. ఆ కాలమున తెలుగు పిల్లలు ఎందరో అటు నడచిరి. 2011 శరత్కాలమునుండి ఐరోపా కూటమికి వెలుపలి విద్యార్థులు రుసుము చెల్లింపవలెనని చట్టము వచ్చినది. అన్న చదివినప్పుడు ఉచితము, తమ్ముడు చదువబోవునప్పటికి లక్షలు. పాత మాట నమ్మి బయలుదేరకుండ ఏ సంవత్సరపు సంగతి ఆ సంవత్సరమే విచారింపవలెను.

రెండవ ఉదాహరణ మనకు మరింత దగ్గర. 2008లో ఎద్దుమైలారములోని ఆయుధ కర్మాగారపు ఆవరణలో ఆరంభమై, పిదప కందికి తరలిన హైదరాబాదు ఐ.ఐ.టి. సంగారెడ్డి ప్రక్కనే యున్నది. అక్కడినుండి జోగిపేట, పిట్లముల మీదుగా పోవు జాతీయ రహదారి మన సీమనంటియే సాగును. ఈ సంస్థకు మొదటినుండియు జపాను తోడు. భవనములకు జపాను ప్రభుత్వము ఋణమిచ్చినది; టోక్యో విశ్వవిద్యాలయపు వాస్తుశిల్పులు రూపకల్పనలో పాల్గొనిరి. 2012లో ఆరంభమైన ఫ్రెండ్‌షిప్ అను పథకము క్రింద ఇచ్చట చదివినవారు విద్యార్థివేతనముతో జపాను విశ్వవిద్యాలయములకు పోయి ఉన్నతవిద్య గావించిరి. ఆస్ట్రేలియాలో మెల్బోర్ను నగరపు స్విన్‌బర్ను సాంకేతిక విశ్వవిద్యాలయముతో కలసి ఇదే సంస్థ ఉమ్మడి డాక్టరేటు చదువును ఏర్పరచినది. ఇచ్చట ఒక మార్గదర్శి, అచ్చట ఒక మార్గదర్శి. కొంతకాలము కందిలో, కొంతకాలము మెల్బోర్నులో.

ఇద్దరు గురువులనిన విద్యార్థికి లాభమో కష్టమో యని అడుగవచ్చును. రెండును. మెల్బోర్ను మనకంటె నాలుగున్నర గంటలు, వారి వేసవిలో అయిదున్నర గంటలు ముందున్నది. అక్కడి గురువు మధ్యాహ్నము కూర్చుండునప్పుడు ఇచ్చట ఉదయము. కావున కంది విద్యార్థి ప్రొద్దున్నే కంప్యూటరు తెరముందు కూర్చుని ఆయనతో మాటాడును. కార్ల్స్‌క్రోనా దీనికి వ్యతిరేకము. అది మనకు చలికాలమున నాలుగున్నర గంటలు, వేసవిని మూడున్నర గంటలు వెనుక. ఒక గురువు ప్రశ్న మార్చుమనును, మరియొకరు మార్చవలదందురు. అట్టి సమయమున నడుమ పడి నలుగువాడు విద్యార్థియే. మంచి ఒడంబడికలో ఇట్టి భేదము వచ్చినప్పుడు తీర్పరి ఎవరో ముందే వ్రాసి యుండును. వ్రాసి యుండనిచో ఆ ఒడంబడిక పండినదికాదని మేము తలంతుము.

ఇంతవరకు చదువు సంగతి. ఇక డబ్బు సంగతి చెప్పకున్న ఈ వ్యాసము సగమే.

బోధను, వర్ని త్రోవలోని ఒక గ్రామమున మేమెరిగిన రైతు ఒకరు కలరు. కర్మాగారము నడచిన దినములలో చెరకు వేసినవారు. ఇప్పుడు వరి వేయుదురు. ఆయన కుమార్తె విద్యుత్తు ఇంజనీరింగు ముగించినది. ఒక మధ్యవర్తి వారి ఇంటికి వచ్చి, మెరుపు కాగితముల పుస్తకమొకటి చూపి, ఒక ఏడు ఇచ్చట, ఒక ఏడు పరదేశమున, చివరకు రెండు పట్టములు అని చెప్పెను. సీటు నిలుపుటకు ఏబదివేలు బయానా పుచ్చుకొనెను. తక్కినదానికై రెండెకరముల కాగితములు బ్యాంకులో పెట్టవలసి యుండెను. అప్పుడు ఆయన మాయొద్దకు వచ్చిరి. "సారూ, బిడ్డ పోత అంటున్నది. భూమి పెట్టాల్నా వద్దా, మీరే చెప్పుండ్రి" అనిరి.

పుస్తకమును మేము ఆద్యంతము చదివితిమి. పట్టము ఎవరి పేర వచ్చునో ఒక్కచోట సయితము స్పష్టముగ లేదు. ఫలానా విశ్వవిద్యాలయము వారి సహకారముతో అని యున్నది. సహకారమనగా ఏమో లేదు. ఇచ్చట బోధించు సంస్థ ఏ విశ్వవిద్యాలయమునకును అనుబంధము కాదు. పరదేశపు పేరును అద్దెకు తెచ్చి పాఠము చెప్పుటను ఫ్రాంచైజీ అందురు, యు.జి.సి. నిబంధనలు దానిని అనుమతింపవు. ఆన్‌లైను చదువును, దూరవిద్యయు ఈ నిబంధనల పరిధిలోనివి కావు. నిబంధనల ప్రకారము పూర్వానుమతి లేకయే భాగస్వామ్యము చేసికొనదగిన భారతీయ సంస్థ న్యాక్ మదింపులో కనీసము 3.01 పొందినదియో, జాతీయ ర్యాంకులలో విశ్వవిద్యాలయముల మొదటి నూటిలోనిదియో, విశిష్ట విద్యాసంస్థగ గుర్తింపబడినదియో కావలెను. పరదేశపు సంస్థ ప్రపంచ ర్యాంకులలో మొదటి వేయింటిలో నుండవలెను. తక్కినవారు యు.జి.సి. అనుమతి తేవలెను. ఐ.ఐ.టి.లకు వేరు చట్టము కలదు. వారు దానిననుసరించి నడతురు. ఆ పుస్తకపు సంస్థ వీనిలో దేనికిని చెందదు.

అయినను మా మాటపైననే ఒకరి భవిష్యత్తును త్రెంచుట ధర్మము కాదని తోచి, ఆ అమ్మాయితో ఒక ఉత్తరము వ్రాయించితిమి. పరదేశపు విశ్వవిద్యాలయపు రిజిస్ట్రారునకు నేరుగ, వారి అధికారిక చిరునామాకే, మధ్యవర్తి యిచ్చిన చిరునామాకు కాదు. నాలుగు ప్రశ్నలు. ఈ పేరుగల భారతీయ సంస్థతో మీకు ఒడంబడిక కలదా? కలిగిన యెడల చివరి పట్టము ఎవరు ఇత్తురు? ఇచ్చటి చదువునకు మీరు ఎన్ని క్రెడిట్లు లెక్కింతురు? వీసా రాని యెడల విద్యార్థి గతి యేమి?

ఈ చివరి ప్రశ్నను మనవారు అడుగనే అడుగరు. విశ్వవిద్యాలయము సీటు ఇయ్యవచ్చును. వీసా ఇచ్చునది ప్రభుత్వము. స్వీడను వంటి దేశములు తమ యొద్ద నుండుటకు చాలినంత సొమ్ము విద్యార్థి చేతిలో నున్నట్లు ఋజువు చూపుమందురు. వీసా రానిచో సగము చదువు ఇచ్చట, సగము ఎచ్చటను లేదు అన్నట్లగును. అందుచేతనే 2022 నిబంధనలలో, చదువు పూర్తి చేయలేని విద్యార్థి నడుమ బయటపడు మార్గము ముందే ఏర్పరుపవలెనని యున్నది; అప్పటివరకు సంపాదించిన క్రెడిట్లు ఏమగునో వ్రాయవలెను. నిజమైన ఒడంబడికలో ఆ పుట తప్పక యుండును. మెరుపు కాగితముల పుస్తకములో ఆ పుట లేదు.

ఋణము సంగతి తేలికగ తీసికొనరాదు. రుసుము క్రోనలలోనో డాలర్లలోనో చెల్లింపవలెను. ఋణము రూపాయలలో నుండును. రూపాయి విలువ తగ్గినచో మొదటి సంవత్సరమున వేసికొన్న లెక్క రెండవ సంవత్సరమునకు చాలదు. దీనికి ప్రక్కన పెట్టి చూడవలసిన లెక్క ఒకటి కలదు. గేట్ పరీక్షలో అర్హత పొంది, సాంకేతిక విద్యామండలి గుర్తించిన కళాశాలలో ఎం.టెక్. చేరిన విద్యార్థికి నెలకు 12,400 రూపాయల చొప్పున ఇరువదినాలుగు నెలలవరకు వేతనమిచ్చు పథకము కలదు. గేట్ మార్కులు మూడు సంవత్సరములు చెల్లును. అనగా ఈ ఏడు పరీక్ష వ్రాసి యుంచుకొని, పరదేశపు ప్రయత్నము చేసి, అది కుదురనిచో ఇచ్చట చేరవచ్చును. ద్వారము మూసికొనదు. నిరుపేద కుటుంబముల పిల్లలకు తెలంగాణ ప్రభుత్వము విదేశ విద్యానిధి పథకములను నెలకొల్పినది. దళిత, గిరిజన, వెనుకబడిన, అల్పసంఖ్యాక వర్గములకు వేర్వేరుగ ఏర్పడిన ఆ పథకములలో సాయము 20 లక్షల రూపాయలవరకు. ఏ దేశములకు చెల్లునో జాబితా యుండును. ఆ జాబితా చూడకుండ దేశమును ఎన్నుకొనరాదు.

నడుమ ఒక మాట. బ్లెకింగెలో మన పిల్లలు చదివినది సాఫ్ట్‌వేరు, టెలికమ్యూనికేషను, సిగ్నలుల విద్య. తప్పు పట్టుట లేదు. ఉద్యోగములు అచ్చటనే కలవు. కాని ఈ ప్రాంతపు ప్రశ్నలు మాత్రము ఎవరి సిద్ధాంత వ్యాసములోను కనబడుట అరుదు. నిజాంసాగరము కట్టినప్పుడు దానిలో దాదాపు ముప్పది టి.ఎం.సి.ల నీరు పట్టునట్లు కట్టిరి. నలువది సంవత్సరములలో మంజీర తెచ్చిన ఒండ్రు సగమునకు పైగా దానిని మ్రింగివేసినది. 1970 దశకమున ఎత్తు పెంచి, ద్వారములు మార్చి, కొంత తిరిగి సంపాదించిరి. ఎగువన సింగూరు వచ్చినది. నీరు మరింత తగ్గినది. ఒండ్రు ఎట్లు చేరును, ఎట్లు తొలగింపవలెను, కాలువ చివరి ఎకరమునకు నీరు చేరినదో లేదో ఎట్లు కొలువవలెను? చెరకు గానుగాడగా మిగులు పిప్పి, చెరకు బరువులో నూటికి ముప్పది పాళ్లకు దగ్గరగ నుండును. అందులో సగము నీరే. ఆ పిప్పిని ఆరబెట్టి, అధిక పీడనపు బాయిలరులో మండించి విద్యుత్తు తీయు పద్ధతులు లోకమున పెరిగినవి. ఇవి విద్యుత్తు, యంత్ర, జలశాస్త్రములు చదివిన స్నాతకోత్తర విద్యార్థికి తగిన ప్రశ్నలు. ఇద్దరు గురువులలో ఒకరు ఇచ్చటివారై యుండుటలోని లాభము ఇదియే గదా. కూపర్స్ హిల్‌లో ఆ లాభము లేకుండెను. ఆ లాభమున్న ఏర్పాటులో సయితము మన నదిని విడిచి, ఎవరో యిచ్చిన ప్రశ్ననే ఎత్తుకొనుట మాకు కొంచెము వెలితిగనే తోచును.

ఆ రైతు సంగతికి వత్తము. విశ్వవిద్యాలయమునుండి ఉత్తరమునకు జవాబు పదునేడవ దినమున వచ్చినది. మూడు పంక్తులు. మీరు చెప్పిన సంస్థతో మాకు ఏ ఒడంబడికయు లేదు. మా భాగస్వాముల పట్టిక మా అధికారిక పుటలో నున్నది. మీ ఆసక్తికి కృతజ్ఞులము. మధ్యవర్తి ఇల్లు మారినాడు. ఏబదివేలు తిరిగి రాలేదు. పొలపు కాగితములు మాత్రము బ్యాంకు మెట్లెక్కక పెట్టెలోనే నిలిచినవి.

ఆ అమ్మాయి ఈ ఏడు గేట్ పరీక్షకు కూర్చుండుచున్నది. ఆ పట్టికనుండి రెండు పేర్లు, కంది సంస్థ భాగస్వాములనుండి ఒక పేరు వ్రాసికొని గోడకు అంటించినది. ఈసారి ఉత్తరములు తానే వ్రాయుచున్నది. మాకు చూపుటకు కూడ రాలేదు. తండ్రి యాసంగి నారు పోయుచున్నారు.